శనివారం నాటి క్యూ

“మళ్ళీ చెప్పండి. ఆ క్యూలో వాళ్ళు ఏం తింటున్నారు?”

“మటన్ బన్నీ అండీ,” అన్నాడు గిరిధరరావు రెండోసారి. “బ్రెడ్డును పావుకి కోసి, లోపలి మెత్తన తీసేసి, కూర నింపి ఇస్తారు కదా, అదే. అందరి చేతుల్లోనూ అదే. నేనూ తిన్నాను. చాలా బాగుంది.”

“ఏ రోజు?”

“పోయిన శనివారం. సెప్టెంబరు ఇరవై ఎనిమిది. పదకొండూ పదికి వెళ్ళాం, పన్నెండూ పాతిక్కి బయల్దేరాం. అంతసేపూ క్యూ తరగలేదు. నేనే లెక్కపెట్టాను, అరవై మూడు మంది!”

జయమ్మ పెన్సిలు కింద పెట్టింది. ఆవిడ పెన్సిలు కింద పెట్టిందంటే ఎవడో ఒకడికి మూడిందని అర్థం. పాపం, గిరిధరరావుకి ఆ సంగతి తెలీదు.

జయమ్మ కెస్సీకి యాభై నాలుగేళ్ళు. డర్బన్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఇరవై రెండేళ్ళు కాలిపోయిన కొట్ల బూడిద కెలికింది. కొట్టు దానంతటదే కాలిందో, యజమాని కాల్చుకున్నాడో తేల్చి చెప్పడం ఆవిడ పని. ఇప్పుడు రిజర్వాయర్ హిల్స్‌లో దర్జీ కొట్టు పైన సొంతంగా ఒక గది, ఒక టేబులు, ఒక ఫోను. వ్యాపారం కొనాలనుకునేవాళ్ళు సంతకం పెట్టేముందు ఆవిడ దగ్గరికి వస్తారు. బుద్ధి లేనివాళ్ళు పెట్టాక వస్తారు. మాట్లాడేది ఇంగ్లీషే. ముత్తవ్వ విశాఖపట్నం వైపు నించి ఓడెక్కి చెరకు తోటలకి వచ్చినప్పుడు మోసుకొచ్చిన తెలుగులో ఇప్పుడు మిగిలినవి వరసలు, వంటల పేర్లు, తిట్లు. తిట్లు మాత్రం ఒక్కటీ పోలేదు.

“సంతకం ఎప్పుడు?”

“ఇవాళ నాలుగింటికి. మొబేనిలో లాయరు ఆఫీసులో. నాది మంగళవారమే అయిపోయింది. మా ఆవిడ హాసినిది ఒక్కటే మిగిలింది. బ్యాంకు డ్రాఫ్టు కూడా తన దగ్గరే ఉంది.”

“మంగళవారం సంతకం పెట్టేసి, గురువారం నా దగ్గరికి వచ్చారా?”

“హాసిని పంపిందండీ. ఒక్క లోపం కూడా లేని కొట్టును ఎవడైనా ఎందుకు అమ్ముకుంటాడు అంటుంది.”

“పోనీ, ఇంట్లో ఒకరికైనా బుర్ర ఉంది,” అంది జయమ్మ.

గిరిధరరావు చిన్నబుచ్చుకున్నాడు గానీ కోపగించుకోలేదు. కోపగించుకునే తీరిక అతనికి లేదు. గుంటూరు నించి ఇంజనీరుగా వచ్చి, రంగుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు అయిపోయి, అయిదు నెలలుగా కొనడానికి ఒక చిన్న వ్యాపారం వెతుక్కుంటున్నాడు. అక్టోబరు పదిహేనులోపు ఏదో ఒక వ్యాపారం చేతిలో ఉన్నట్టు చూపిస్తేనే పర్మిట్ నిలుస్తుంది. లేకపోతే మొగుడూ పెళ్ళాం సామాను సర్దుకోవాలి. పదిహేడు చూశాడు. లాండ్రీలో మిషన్లు అతను వెళ్ళిన రోజే తిరిగాయి. వీడియో కొట్టులో సగం డబ్బాల్లో క్యాసెట్లే లేవు. పద్దెనిమిదోది డార్నల్‌లో ఈ టేక్‌అవే తిండి కొట్టు. చక్కెర మిల్లు ఊరు, ముప్పై ఏళ్ళ పేరు, గుమ్మం దాటిపోయే క్యూ. ఇద్దరూ కూడబెట్టిందంతా ఆ డ్రాఫ్టులో ఉంది. అది పోతే ఇక్కడ ఉండటానికీ లేదు, అక్కడికి పోయి మొదలుపెట్టడానికీ లేదు.

“కొట్టు ఎవరు చూపించారు?”

“విశ్వతేజ అని, మా ఊరివాడే. స్టాంగర్‌లో లెక్కల టీచరు. తమ్ముడి లాంటివాడు.”

“మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళారా? మామూలు రోజుల్లో?”

“వద్దన్నాడండీ. అమ్ముతున్నారని తెలిస్తే పనివాళ్ళు మానేస్తారట.”

“యజమాని?”

“సూబ్రాయన్ గారు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఎంత చక్కటి తెలుగండీ! ఈ దేశంలో పుట్టిన మనిషి, అచ్చం మా గుంటూరులో పక్కింటి పెద్దాయన మాట్లాడినట్టే మాట్లాడాడు. ప్రాణం లేచొచ్చింది నాకు.”

జయమ్మ అతని మొహంలోకి చూసింది. అప్పటిదాకా ఇంగ్లీషులో నడిచిన మాటలు ఆపి, ముత్తవ్వ తెలుగులోకి దిగింది. “ఏటి బాబూ, ఆ ముసిలోడు పలికింది ఉల్లంతా తెలిసినాదా నీకు?”

“ఆఁ?” అన్నాడు గిరిధరరావు.

“చూశారా, నా తెలుగు మీకు సగమే తెలిసింది. ఆయనది మాత్రం పూర్తిగా తెలిసింది,” అంది జయమ్మ ఇంగ్లీషులోకి వచ్చేసి. “కొట్టును ఎవరైనా పరిశీలించారా?”

“రిపోర్టు ఉందండీ. సెసిల్ గారని.”

సెసిల్ పేరు వినగానే జయమ్మ పళ్ళు నూరింది. పద్నాలుగేళ్ళ కింద, ఆవిడ రాసిన రిపోర్టు కింద తన సంతకం పెట్టి ప్రమోషన్ కొట్టేసిన ఘనుడు సెసిల్. ఇప్పుడు అతనూ ఇదే వ్యాపారంలో ఉన్నాడు. రిపోర్టుకు రంగుల అట్ట వేసి ఇస్తాడు.

“పదండి డార్నల్‌కి,” అని లేచి ఆవిడ కిటికీలు వేసి వచ్చేసరికి గిరిధరరావు ఆవిడ ఫోనే పెట్టేస్తున్నాడు.

“ఎవరికి?”

“విశ్వతేజకండీ. మీతో డార్నల్ వెళ్తున్నాను, కంగారుపడొద్దు, నాలుగింటికల్లా వచ్చేస్తానని.”

“ఓరి ఎర్రిబాగులోడా!” అంది జయమ్మ. గిరిధరరావుకి ఈ తెలుగు మాత్రం పూర్తిగా అర్థమైంది. గడియారం తొమ్మిదీ పాతిక.

పదీ నలభైకి డార్నల్‌లో సూబ్రాయన్ టేక్‌అవే ముందు కారు ఆగింది. క్యూ లేదు. మిల్లు కూలీలు ఇద్దరు బల్ల మీద కూచుని తింటున్నారు. జయమ్మ వాళ్ళ చేతుల్లోకి చూసింది. బీన్స్ కూర. గోడ మీద ధరల పలకలో మటన్, చికెన్ వరసల మీద తెల్ల కాయితం అంటించి ఉంది. తలుపు మీద ఒక అట్ట: ‘సెప్టెంబరు 21, 28, అక్టోబరు 5, 12 శనివారాలు కొట్టు మూసి ఉండును.’ కారణం రాయలేదు. ఈ ఊళ్ళో కారణం ఎవరూ అడగరు కాబట్టి.

గిరిధరరావు ఆ అట్ట ముందే నిలబడిపోయాడు. “ఇరవై ఎనిమిది... మేం వచ్చిన రోజు.”

“ఆ రోజు ఈ అట్ట ఇక్కడ లేదు కదూ?”

“లేదండీ!”

లోపల్నించి ఒక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొట్టిగా, నల్లగా, నుదుటి మీద నామంతో. జయమ్మ అడిగింది, “సూబ్రాయన్ అన్నా?”

“యా, సెల్లీ. నేనే. ఏటి కావాల?”

గిరిధరరావు జయమ్మ చెయ్యి పట్టుకున్నాడు. “ఈయన కాదు,” అన్నాడు. “సూబ్రాయన్ని అని ఆ రోజు నాతో మాట్లాడింది ఈయన కాదండీ.”

“తెలుసు,” అంది జయమ్మ. “అన్నా, నువ్వు కొట్టు అమ్ముతున్నావా?”

పెద్దాయన నవ్వాడు. ఆ తరవాత ఇద్దరి మొహాలూ చూసి నవ్వు ఆపేశాడు. తెలుగులో ఆయన పెట్టుబడి దాదాపు అంతటితో సరి. మిగతాదంతా ఇంగ్లీషులోనే. “మా నాన్న పెట్టిన కొట్టమ్మా ఇది. నేనెందుకు అమ్ముతాను?”

జయమ్మ గిరిధరరావు వైపు తిరిగింది. “మీరు ఈ దేశం వచ్చి ఏడాదిన్నర. ఇది మీకెవరూ చెప్పి ఉండరు. దీన్ని పుర్తాసి నెల అంటాం. సెప్టెంబరు సగం నించి అక్టోబరు సగందాకా. తమిళం వాళ్ళూ, మా తెలుగోళ్ళూ, నెల మొత్తం నీచు ముట్టం. శనివారమైతే వెంకటేశ్వర స్వామిది. ఇంటిల్లిపాదీ ఉపవాసం, గుళ్ళో గోవింద భజన. డార్నల్‌లో పుర్తాసి శనివారం మటన్ కోసం అరవై మూడు మంది క్యూ కట్టారంటే, వాళ్ళు డార్నల్ వాళ్ళు కారు. వండించినవాడు ఈ దేశంలో పుట్టినవాడు కాడు.”

“మా గుంటూరులో కార్తీకమాసం తప్ప...” అని ఆగిపోయాడు గిరిధరరావు.

“అదే. మీకు తెలీదు. వాళ్ళకీ తెలీదు.”

సూబ్రాయన్‌కి ఇంకా సగమే అర్థమైంది. అర్థమైన సగానికే ఆయన మొహం మాడిపోయింది. “మటనా? నా కొట్టులోనా?”

“వంటగది చూడాలి అన్నా.”

వంటగది తళతళలాడుతోంది. ఇన్సూరెన్సు మనిషికి తళతళలతో పని లేదు. జయమ్మ ముందు గ్యాసు సిలిండరు తట్టింది. “ఎప్పుడు మార్చావు?”

“సోమవారం. శుక్రవారందాకా రావాల్సింది. లీకేమో అని మనిషిని పిలిపించాను. లీకు లేదన్నాడు.”

“నీచు గిన్నెలు?”

“అటక మీద. నెల మొదట్లో తోమి, గోనెసంచిలో కట్టేస్తాను.”

“ఏ తాడుతో?”

“కొబ్బరి తాడుతో.”

జయమ్మ స్టూలెక్కింది. యాభై నాలుగేళ్ళ మనిషి స్టూలెక్కుతుంటే గిరిధరరావు పట్టుకోబోయాడు గానీ ఆవిడ చూసిన చూపుకి చేతులు వెనక్కి తీసుకున్నాడు. సంచి మూతికి కట్టింది నీలం రంగు నైలాన్ తాడు. లోపల పెద్ద గిన్నె అంచు చుట్టూ ఎర్రటి నూనె గీత. తోమారు గానీ పరాయి గిన్నె తోమినట్టు తోమారు. కిందికి దిగి, మోకాళ్ళ మీద కూచుని పొయ్యి వెనక్కి తన సంచిలోని కొలబద్ద పోనిచ్చి లాగింది. గోరంత ఎముక ముక్క, ఎండిపోయి, బయటికొచ్చింది.

సూబ్రాయన్ దాన్ని చూసి గోడకి ఆనుకున్నాడు. “ఆదివారం పొద్దున ఈ పొయ్యి మీదే స్వామికి పొంగలి వండాను సెల్లీ,” అన్నాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి ఆయనకి. ఆ బాధకి మిగిలిన కాస్త తెలుగూ బయటికొచ్చింది. “ఎవుడు? ఎవుడు నా పొయ్యి మైల సేసినాడు?”

గిరిధరరావుకి తన డ్రాఫ్టు సంగతి ఆ క్షణం గుర్తు రాలేదు. తను తిన్న మటన్ గుర్తొచ్చింది. తల దించుకున్నాడు.

“తాళం ఎలా తీశారు?” అడిగింది జయమ్మ.

“ఇంకో తాళంచెవి వెనక ఇటుక కింద ఉంటుంది. బ్రెడ్డు వ్యాను వాడి కోసం. ఊరందరికీ తెలుసు.”

“ఊరివాడు కానివాడు ఎవరైనా చూశాడా?”

ఆయన ఆలోచించాడు. “ఆగస్టులో ఒక తెలుగు టీచరు తరచూ వచ్చేవాడు. మటన్ బన్నీ తినేవాడు. కొట్టు ఫోటో తీసుకున్నాడు. అప్పుడే ఈ అట్ట పెట్టాను. ఈ నాలుగు శనివారాలూ పొద్దుణ్ణించీ మూతేనా తాతా అని అడిగాడు. యా, తొమ్మిదిన్నర నించి రెండు దాకా నేను గుళ్ళోనే అన్నాను. ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు.”

గిరిధరరావు నోరు తెరిచాడు. జయమ్మ చెయ్యెత్తి ఆపింది. “తొందరపడొద్దు. ఇంకో టీచరు కావచ్చు. అనుమానం కూరకి ఉప్పులాంటిది, చివర్లో సరిచూసుకోవాలి.”

ఎదురుగా మంగలి షాపు ఎరాల్‌ని పిలిచి అడిగింది. ఎరాల్‌కి టైములు బాగా గుర్తు; శనివారం గిరాకీ లేక వీధిలోకే చూస్తూ కూచున్నాడట. “నాలుగు కోంబీ వ్యాన్లు, ఆంటీ. పదీ నలభైకి వచ్చాయి, పన్నెండూ నలభైకి వెళ్ళిపోయాయి. స్టాంగర్ ట్యాక్సీ ర్యాంకు దగ్గర కూలీలనుకుంటా. వచ్చినవాళ్ళు డబ్బు ఇవ్వడం నేను చూళ్ళేదు. ఎవరో పెళ్ళి భోజనాలకి కొట్టు తీసుకున్నారనుకున్నా.”

“మీరు బయల్దేరింది పన్నెండూ పాతిక్కి,” అంది జయమ్మ గిరిధరరావుతో. “మీరు వెళ్ళిన పావుగంటకి ఊరి ఆకలంతా తీరిపోయింది.”

పదకొండున్నరకి వీధిలో తెల్ల బక్కీ ట్రక్కు ఒకటి కీచుమని ఆగింది. ముందు బూట్లు, తరవాత పొట్ట, ఆ తరవాత చేతిలో ఇటుకంత సెల్‌ఫోను పట్టుకుని సెసిల్ దిగాడు.

“నేను సంతకం చేసిన ఫైలులో నీ ముక్కు ఎందుకు, ఆంటీ?”

“ఆంటీ ఏవిటి సెసిల్, నాకన్నా నువ్వు రెండేళ్ళు పెద్ద. నేను ఇక్కడున్నానని ఎవరు చెప్పారు?”

“నా క్లయింటు. నువ్వు బేరం చెడగొట్టే లోపల ఆపమన్నాడు.” సూబ్రాయన్ వైపు వేలు చూపించాడు. “ఏదైనా తేడా ఉంటే ఈ ముసలాయనది. కొట్టు అతనిది, తాళం అతనిది. క్యూ పెట్టించాడంటే పోలీసుల్ని పిలుస్తాను.”

“క్యూ పెట్టించారని నేను నీతో అన్నానా?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం సెసిల్.

“సరేలే,” అంది జయమ్మ మెత్తగా. ఆవిడ మెత్తగా మాట్లాడిందంటే తెలిసినవాళ్ళు వీధి దాటేస్తారు. “నీ రిపోర్టు మీద గౌరవంతోనే అడుగుతున్నాను. శనివారం నువ్వు స్వయంగా వచ్చావు కదా?”

“పదకొండూ ఇరవై నించి పదకొండూ యాభై దాకా. రిపోర్టులో రాశాను.”

“ఎంతమంది?”

“అరవైకి పైనే.”

“అందరికీ వడ్డన సరిగా అందుతోందా? ఏం తింటున్నారు?”

సెసిల్ పకపకా నవ్వాడు. “నన్ను పరీక్ష పెడుతున్నావా? నేను చర్చికి పోయేవాణ్ణే గానీ నా భార్య తల్లి ఈ ఊరిదే. పుర్తాసి శనివారం ఏం తింటారు? బీన్స్ బన్నీ. అందరి చేతుల్లోనూ బీన్స్ బన్నీ.”

ఎవరూ మాట్లాడలేదు. గిరిధరరావు మెల్లిగా అన్నాడు, “కాదండీ. మటన్. నేను తిన్నాను.”

జయమ్మ ఎముక ముక్కను బల్ల మీద సెసిల్ ముందు పెట్టింది. “ఇక్కడికి వచ్చినవాడెవడైనా మటన్ అని చెప్తాడు. రానివాడే, ఈ ఊరి సంగతి తెలిసినవాడే, బీన్స్ అంటాడు. శనివారం నువ్వు డార్నల్ పొలిమేర కూడా తొక్కలేదు సెసిల్. రంగుల అట్ట నీది. లోపలి అంకెలు ఎవడివి?”

సెసిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పోట్లాడదామని నోరు తెరిచాడు. సూబ్రాయన్ గరిటె పట్టుకుని నిలబడ్డ తీరు చూసి మూశాడు. “ఫోన్లో చెప్పాడు,” అన్నాడు చివరికి. “ఎంతమంది, ఎన్నింటినించి ఎన్నింటిదాకా, అన్నీ. నాకేం తెలుసు? ఆ రోజు మా చర్చిలో ఫేటు, చందాల సంత ఉంది. నాకు మోసం సంగతి తెలీదు జయా, ఒట్టు.”

“ఎవడు చెప్పాడు?”

సెసిల్ గిరిధరరావు వైపు చూశాడు. “మీ మనిషే. విశ్వతేజ.”

గిరిధరరావు దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డాడు. తమ్ముడి లాంటివాడు. డర్బన్ వచ్చిన కొత్తలో నెల రోజులు తమ ఇంట్లోనే పడుకున్నవాడు, హాసిని చేతి వంట తిన్నవాడు. ఏడుపొచ్చింది అతనికి. దాచుకోలేదు.

“తరవాత ఏడుద్దురు గాని,” అంది జయమ్మ. “సంతకం నాలుగింటికి. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి, హాసినిని గుమ్మం దాటొద్దనండి. ఆవిడ సంతకం పడకపోతే మీ సంతకానికి విలువ లేదు.”

సెసిల్ సెల్‌ఫోను ఇచ్చాడు. గిరిధరరావు ఇంటి నంబరు నొక్కాడు. పది సార్లు మోగింది. పదకొండు. ఎవరూ ఎత్తలేదు.

“ఈ టైములో ఎక్కడికీ వెళ్ళదండీ తను...”

సెసిల్ బూట్ల వైపు చూస్తూ గొణిగాడు. “ఇందాక ఫోన్లో అన్నాడు. ఆ భార్యను పదకొండింటికే తీసుకొస్తాను, భర్త అక్కడే కలుస్తాడని చెప్తాను అని. అది లాయరు ఆఫీసేం కాదు. మొబేనిలో గోడౌను మీద గది. పది రోజులకి అద్దెకి తీసుకున్నారు.”

తొమ్మిదీ పాతిక్కి తను చేసిన మర్యాద ఫోను గిరిధరరావుకి అప్పుడు గుర్తొచ్చింది. లెంపలేసుకున్నాడు.

అంతలో సెల్‌ఫోను మోగింది. జయమ్మ లాక్కుని బటను నొక్కి, మాట్లాడకుండా, నలుగురికీ వినపడేట్టు పట్టుకుంది.

“సెసిల్, ఆ ముసలమ్మను ఇంకో గంట అక్కడే ఆపు,” అంది ఇంగ్లీషులో కుర్ర గొంతు. “పెన్ను ఆవిడ చేతిలోనే ఉంది. అయిపోయినట్టే.”

వాడి వెనక ఇంకో గొంతు వినిపిస్తోంది. పెద్దవాడి గొంతు, కమ్మటి గుంటూరు తెలుగు. “ఇక్కడ పెట్టమ్మా, ఈ గీత మీద. మన పిల్లవి, నీకు అన్యాయం చేస్తానా?”

గిరిధరరావు తల ఊపాడు. వాడే, ఆ దొంగ సూబ్రాయన్.

అప్పుడు హాసిని మాట్లాడింది. ఎక్కడా తడబాటు లేదు.

“పెడతానండీ తాతగారూ, సంతకానికేం. ముందు ఒక్కటి చెప్పండి. శనివారం మీరు మటన్ వండారని మావారు తెగ పొగిడారు. అదే మా పక్కింటి పర్ల్ ఆంటీతో అంటే ఆవిడ నవ్వింది. పుర్తాసి శనివారం డార్నల్‌లో మటన్ ఎవరు వండుతారు, ఎవరు తింటారు, ఆయన్నే అడుగు అంది. అందుకే వచ్చాను. ఎవరండీ మీరు?”

“శభాష్!” అన్న మాట జయమ్మ పెదాల దాకా వచ్చింది. పైకి అనలేదు.

మొబేని గదిలో అదే పెద్దాయన, అదే కమ్మటి తెలుగులో, ఏ మాత్రం గొంతు పెంచకుండా అన్నాడు.

“తేజా, తలుపు గడియ పెట్టు. డ్రాఫ్టు ఆ సంచిలో ఉంటుంది చూడు.”

ఇనప గడియ పడిన చప్పుడు వినిపించి లైను తెగిపోయింది.

జయమ్మ సెసిల్ చేతిలోంచి బక్కీ తాళాలు లాక్కుంది. “అన్నా, పోలీసులకి ఫోన్ చెయ్యి. మొబేని అని చెప్పు. సెసిల్, ఆ గోడౌను పేరు ఆయనకి చెప్పి బండెక్కు,” అంటూనే గుమ్మం దాటింది. గిరిధరరావు అప్పటికే బండి వెనక ఎక్కి కూచున్నాడు.

టైము పన్నెండూ అయిదు. డార్నల్ నించి మొబేనికి ఎంత తొక్కినా గంటకి తక్కువ పట్టదు.